లెక్క అడిగినవాడు, లెక్క మూసినవాడు

దేవుడి మీద పాటలు కట్టినవాళ్లలో ఉంఛవృత్తి చేసుకుని బతికినవాళ్లున్నారు, మఠాలు నడిపినవాళ్లున్నారు, కావ్యాన్ని రాజుకు అంకితమివ్వనని భీష్మించుకున్నవాళ్లున్నారు. సర్కారు పద్దులు చూస్తూ, ఆ చేత్తోనే దేవుడి పేర కూడా ఓ ఖాతా తెరిచినవాళ్లు మాత్రం అరుదు. గోల్కొండ, హైదరాబాదుల చరిత్రలో అలాంటివాళ్లు ఇద్దరు కనిపిస్తారు. ఒకడు పదిహేడో శతాబ్దపు కంచర్ల గోపన్న, మన భద్రాచల రామదాసు. గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలకు మేనల్లుడు, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. రెండోవాడు సయ్యద్ అహ్మద్ హుసేన్. ఉర్దూ లోకం అమ్జద్ హైదరాబాదీ అని పిలుచుకున్న రుబాయీల (నాలుగు పాదాల పద్యాల) కవి, నిజాం ప్రభుత్వ అకౌంట్స్ శాఖలో ఉద్యోగి, 1961లో కన్నుమూశాడు.

రామదాసును తెలుగువాళ్లకు పరిచయం చేయనక్కర్లేదు. బాలమురళి గొంతు ఆ పని చేసింది, 1964లో నాగయ్య సినిమా చేసింది, 2006లో నాగార్జున సినిమా చేసింది. అమ్జద్ మనకు దక్కింది సామల సదాశివ గారి చలవ. ఆదిలాబాదులో కూర్చుని ఉర్దూకీ తెలుగుకీ మధ్య ఒంటరిగా వంతెన కట్టిన సదాశివ (1928–2012) అమ్జద్ రుబాయీలను తెలుగు చేశారు. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల్లో రామదాసు కీర్తనల పుస్తకం సులువుగానే దొరుకుతుంది. అమ్జద్ కోసం కాస్త వంగి వెతకాలి, ఉర్దూ గుట్టల్లోనో, అట్ట ఊడిన తెలుగు పుస్తకాల అడుగునో. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు ఎక్కువమంది ఉండరనుకుంటాను. పెట్టి చూడాలి. ఇద్దరూ తేల్చుకోవాలనుకున్న సంగతి ఒకటే. పూటకింత పెట్టేది ఎవరు? పెట్టేవాడే ఉంటే, ఆ పెట్టడం మన కంటికి ఎక్కడ ఆనుతుంది?

ఈ ప్రశ్నకు పుస్తకాల కన్నా ముందు నాంపల్లి గుర్తొస్తుంది. క్రిమినల్ కోర్టుల ఆవరణలో పొద్దున పదిన్నర వేళ కాసేపు నిలబడితే చాలు. కొడుక్కి బెయిలు వస్తుందో రాదో తెలియని ఒక తల్లి, ప్లాస్టిక్ కవర్లో జామీను కాగితాలు, ఆధార్ జిరాక్సులు, రెండు అరటిపండ్లు పెట్టుకుని మెట్ల పక్కన కూర్చుని ఉంటుంది. వకీలు ఇంకా రాలేదు. ఏమవుతుందమ్మా అంటే 'పైవాడున్నడు' అంటుంది. పక్కనున్న బురఖా ఆమె 'అల్లా మాలిక్' అంటుంది. రెండు మాటల్లోనూ నమ్మకం ఎంతో, ఇక నా చేతిలో ఏమీ లేదన్న అలసటా అంతే. భక్తి సాహిత్యాన్ని చదవడానికి ఆ మెట్లకన్నా మంచి బడి నాకు తెలియదు. ఎందుకంటే రామదాసు కీర్తనల్లో పేరుపడ్డవి ఖైదులో ఉన్న మనిషి పాడినవని కదా మన నమ్మిక. పన్నెండేళ్ల బందిఖానా అని సంప్రదాయం చెబుతుంది. శిస్తు సొమ్ముతో రాముడికి నగలు చేయించాడన్నది నేరం, నేటి భాషలో ప్రభుత్వ సొమ్ము దుర్వినియోగం.

ఆ కీర్తనల్లో 'ఇక్ష్వాకు కులతిలక' విచిత్రమైనది. ప్రార్థనగా మొదలై క్షణంలో ఖర్చుల చిట్టా అయిపోతుంది. భరతుడికి పచ్చల పతకం, దానికి ఇన్ని వరహాలు. శత్రుఘ్నుడికి మొలతాడు, దానికి ఇన్ని. లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, చివరికి రాముడి తలకు కలికితురాయి. తహసీల్దారు తన మీద వేసిన ఆడిట్‌ను అలాగే ఎత్తి దేవుడి మీద వేస్తాడు. ఈ నగలన్నీ పెట్టుకుని కులుకుతున్నావే, మీ నాన్న పెట్టాడా, మీ మామ పంపాడా అని నిలదీస్తాడు. ఆ తర్వాత నాలుక కరుచుకుని, దెబ్బలకు తాళలేక అన్నానయ్యా, మనసులో పెట్టుకోకు అని బతిమాలతాడు. ఈ రెండో భాగాన్ని భక్తులు ఎక్కువ ప్రేమిస్తారు. నాకు మొదటి భాగమే ముఖ్యం. దేవుడికి చేసిన ప్రతి వస్తువూ, దాని ధరతో సహా, గుర్తుపెట్టుకున్న మనిషి అతను. తెలుగులో దేవుడి నగల వర్ణనలు కొల్లలు. ధర చెప్పినవి ఎన్ని?

'పలుకే బంగారమాయెనా'లో మరో వాటం. స్వామి మాట కరువైపోయిందన్నది ఫిర్యాదు. దానికి వెనుక కట్టిన ఆధారాలు చూడండి. ఇసుకలో పొర్లిన ఉడుతను కరుణించావు, రాయిని ఆడదాన్ని చేశావు, మరి నా మాటేమిటి? వకీళ్లు దీన్నే నజీరు అంటారు. ఫలానా కేసులో ఇలా తీర్పు ఇచ్చారు గనుక నా కేసులోనూ ఇవ్వాలి. నాంపల్లి కోర్టులో రోజూ నడిచే తర్కమే. ఉడుతకు జరిగింది గనుక నాకూ జరగాలి అనడంలో ఉన్న పట్టుదల, దేవుడి దయను ఆకాశంలోంచి దింపి ఒక చిన్న జంతువు వీపు మీది ఇసుకరేణువుల దగ్గరికి తెస్తుంది. 'నను బ్రోవమని' కీర్తనలో వాటం ఇంకా గడుసుది. స్వామితో కాదు, సీతమ్మతో మాట్లాడతాడు. ఏకాంతంలో ఆయన మురిసి ఉన్నప్పుడు, నిద్ర లేచి ప్రసన్నంగా ఉన్నప్పుడు, నా మాట కాస్త చెవిన వెయ్యి తల్లీ అంటాడు. ఆఫీసరు మూడ్ చూసి ఫైలు పెట్టించే పద్ధతి కొలువు చేసినవాడికి తెలిసినట్టు వేరేవాళ్లకు తెలియదు.

ఇప్పుడు అమ్జద్. ఆయన రుబాయీల్లో బాగా ప్రచారంలో ఉన్న ఒకదాని సారాంశం ఇది: నీకేం కావాలన్నా కారణాలకే కారణమైనవాణ్ణి అడుగు, ఇతరుల ముందు చెయ్యి చాపకు, దాసుడివైతే నీ ప్రభువు దగ్గరే పుచ్చుకో. పైకి చూస్తే నీతిపద్యం. కాస్త ఆగి చదివితే ఇక్కడా ఒక గుమాస్తా నవ్వు వినబడుతుంది. ఎలా అడగాలో చెబుతూ మూడు దారులు చూపిస్తాడు. బతిమాలినా సరే, కాకా పట్టినా సరే, వినయంగా అడిగినా సరే. దేవుణ్ణి కాకా పట్టడానికి అనుమతి! ఏళ్ల తరబడి దఫ్తరులో ముఖస్తుతి చూసిన మనిషి, ఆ పనికిమాలిన విద్యకు ఎట్టకేలకు ఒక సరైన చిరునామా చూపించాడన్నమాట. రామదాసు సిఫారసు వెతుక్కున్నాడు. అమ్జద్ నేరుగా పెద్ద గదిలోకే వెళ్లమన్నాడు.

ఇంతవరకు వచ్చాక చాలామంది విమర్శకులు ఒక సులువైన గీత గీస్తారు. హిందూ భక్తిలో మధ్యవర్తులు, ఇస్లాంలో నేరుగా అల్లా. ఆ గీత నాంపల్లిలో నిలవదు. స్టేషనుకు నడక దూరంలో యూసుఫైన్ దర్గా ఉంది. యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా అనే ఇద్దరు చిష్తీ గురువులు పక్కపక్కన విశ్రమించిన చోటు. దాగ్ దెహ్లవీ, అమీర్ మీనాయీ వంటి ఉర్దూ దిగ్గజాల సమాధులూ ఆ ఆవరణలోనే ఉన్నాయి. గురువారం సాయంత్రం ఆ సందులో గులాబీల బుట్టలు, మడతపెట్టిన చాదర్లు, అగరుపొగ, ఖవ్వాలీ, అన్నం పొట్లాలు పంచేవాళ్లు, అందుకునేవాళ్లు. వచ్చేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. వాళ్లు అడిగేది అల్లానే, కానీ బాబాల వసీలాతో. మా మాట కాస్త పైకి చేరవేయండి అని. సీతమ్మకు రామదాసు పెట్టుకున్న అర్జీ ఇదే కదా! నాంపల్లి దర్గా గుమ్మం దగ్గర నిలబడ్డ ముస్లిం స్త్రీ, కవిత్వం దృష్ట్యా, అమ్జద్ రుబాయీ కన్నా రామదాసు కీర్తనకే దగ్గర. అమ్జద్‌కు దగ్గరివాళ్లను వెతకాలంటే గన్‌ఫౌండ్రీ వైపు నడిచి సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్‌లో ఆదివారం తెలుగు పూజకు వెళ్లాలి. అక్కడ అందరూ కలిసి చెప్పే ప్రార్థనలో కేవలం ఈ ఒక్క రోజు తిండినే, నేరుగా తండ్రినే అడుగుతారు. రేపటిది అడగరు. అదే కెథెడ్రల్‌లో మరియమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించేవాళ్లు మళ్లీ రామదాసు పక్షమే, ఆ లెక్క వేరు.

మరో సంగతి ఉంది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. రామదాసు కథ ముగింపు అందరికీ తెలుసు. రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో ఇద్దరు యువకులుగా అర్ధరాత్రి తానీషా దగ్గరికి వెళ్లి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకున్నారు. దర్శనం దొరికింది ఎవరికి? పన్నెండేళ్లు గొంతు చించుకున్న రామదాసుకు కాదు. బాకీ రాబట్టుకోవాల్సిన సుల్తానుకు. యూసుఫైన్ బాబాల గురించి చెప్పుకునే కథ చూడండి. వాళ్లు ఔరంగజేబు సైన్యంలో సిపాయిలు. గోల్కొండ ముట్టడి రోజుల్లో ఒక రాత్రి గాలివాన వచ్చి గుడారాలన్నీ లేచిపోయాయట. ఒక్క గుడారంలో దీపం రెపరెపలాడకుండా వెలుగుతోంది, లోపల ఇద్దరు ఖురాన్ చదువుకుంటున్నారు. ఆ వింత చూసి వాళ్లెవరో తెలుసుకున్నది పాదుషా. చదువుకుంటున్నవాళ్లకు అది మామూలు రాత్రి, మామూలు దీపం. 1687లో ఆ సైన్యం తానీషాను గద్దె దించింది. రాముడికి రసీదు ఇచ్చిన సుల్తానూ, దీపాన్ని చూసిన పాదుషా ఒకే యుద్ధంలో ఎదురెదురుగా నిలిచినవాళ్లు. రెండు కథలూ ఒకే కోట నీడలో పుట్టాయి, రెండింటిలోనూ దైవం కంటబడింది అధికారికే. దేవుడి దయ లోకానికి రుజువు కావాలంటే రాజముద్ర పడాలని జనం ఊహించుకున్నారు. పాపం, సర్కారుతో పనిపడ్డ జనం మరెలా ఊహిస్తారు!

ఈ కథలు కవిత్వానికి మేలు చేయలేదని నా అభిప్రాయం. రామదాసు కీర్తనను ఇవాళ మనం ముగింపు తెలిసి వింటాం. ఆరు లక్షలు ముట్టబోతున్నాయని తెలుసు గనుక ఆ నిలదీత మనకు ముద్దుగా ఉంటుంది. ముగింపును మరిచిపోయి వింటే ఆ కీర్తన భయపెడుతుంది. దాని కట్టడమే అలాంటిది. చరణంలో ఒక నగ, దాని ధర, మళ్లీ పల్లవి. ఇంకో నగ, ఇంకో ధర, మళ్లీ పల్లవి. ఎన్ని సాక్ష్యాలు పెట్టినా మొదలుపెట్టిన చోటికే రావాలి. జవాబు రాని అర్జీకి పల్లవిని మించిన రూపం లేదు. రుబాయీ దీనికి పూర్తిగా ఎదురు. నాలుగు పాదాలు. ఒకటి, రెండు, నాలుగు అంత్యప్రాసతో కలుస్తాయి, మూడోది విడిగా ఉంటుంది. మూడో పాదంలో ఊపిరి బిగబట్టించి నాలుగో పాదంలో వదిలిపెట్టడం ఆ ప్రక్రియ రహస్యం. పైన చెప్పిన రుబాయీలో పరుల ముందు చాచిన చెయ్యి సరిగ్గా మూడో పాదంలో వస్తుంది. నాలుగో పాదంలో ఆ చెయ్యి ప్రభువు వైపు తిరుగుతుంది, తలుపు మూసుకుంటుంది. అందంగా మూసుకుంటుంది, కాదనను. కానీ ఆ చేతిలో ఏం పడిందో, అసలు పడిందో లేదో చెప్పడానికి ఐదో పాదం లేదు. అందుకే రుబాయీ గోడ క్యాలెండరు మీదికి సులువుగా ఎక్కుతుంది. 'ఇక్ష్వాకు కులతిలక'ను క్యాలెండరు మీద వేయలేరు, లెక్క తేలదు.

అలాగని అమ్జద్‌ది చల్లగా కూర్చుని చెప్పిన వేదాంతం అనుకుంటే అన్యాయం చేసినవాళ్లమవుతాం. 1908 సెప్టెంబరు 28. మూసీ పొంగిన రోజు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చింతచెట్టు నూటయాభై మందిని కాపాడిందని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ చెట్టు కూడా ఉంది. చెట్టెక్కలేకపోయినవాళ్లు వేలల్లో పోయారు. ఆ వరదలో అమ్జద్ తల్లి, భార్య, కూతురు ముగ్గురూ కళ్లముందే కొట్టుకుపోయారు. ఆయన ఒక్కడు మిగిలాడు. ఆ ప్రళయం మీద 'ఖయామతె సుగ్రా' అనే కవిత రాశాడు. ఇంటి మనుషులు, వాళ్ల పిలుపులు, నీళ్లు అందులో ఉన్నాయి. తర్వాతి రుబాయీల్లో అవి లేవు. ఒక్క దేవుణ్ణే అడుగు అన్న మనిషి, ఒక్క రోజులో ఇంటివాళ్లను పోగొట్టుకున్న మనిషి. ఇది తెలిసి చదివితే నాలుగో పాదం మరోలా వినబడుతుంది. అక్కడి ప్రశాంతత వెనక ఎంత నీరుందో తెలుస్తుంది. తెలియకుండా చదివితే మాత్రం అది ఉపదేశంగానే మిగులుతుంది, అందుకు కొంత బాధ్యత రుబాయీ రూపానిదే. ఆ బిగి కోసం అమ్జద్ తన ఇంటిని బయట వదిలేశాడు.

వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య వచ్చాడు. 1920లో ఉస్మాన్ సాగర్ (జనం మాటలో గండిపేట), 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు నిలబడ్డాయి. గండిపేట నీళ్లు తాగినవాడు ఈ ఊరు వదలడని హైదరాబాదీల నానుడి. నాంపల్లిలో, అబిడ్స్‌లో మూడు తరాలు ఆ నీళ్లతో వంట చేసుకున్నాయి. వరద తెచ్చింది దేవుడే, నీళ్లు ఇచ్చిందీ దేవుడే అని రెంటినీ ఒకే పద్దులో వేసి సరిచూసే భక్తులు ఉన్నారు. ఆ జమాఖర్చు నాకు నచ్చదు. తల్లి, పెళ్లాం, బిడ్డ ఒకవైపు, కుళాయి మరోవైపు పెట్టి సరిపోయిందనడానికి మనిషికి మనసొప్పకూడదు. అమ్జద్ కూడా అలా సరిచూసినట్టు నాకు కనబడలేదు. అకౌంట్స్ శాఖవాడు గనుక ఏ పద్దులు కలపకూడదో ఆయనకు తెలిసి ఉండాలి.

రామదాసు మీద ఉన్న అసలు ఆక్షేపణ కూడా చెప్పాలి. నగలు ఎవరి సొమ్ముతో చేయించాడు? దశరథుడిది కాదు, జనకుడిది కాదు, నిజమే. గోపన్నదీ కాదు. పాల్వంచ రైతులు కట్టిన శిస్తు అది. జనం ఇష్టపడే ఇచ్చారన్న వాదం ఉంది, ఉండనివ్వండి. కీర్తన మాత్రం ఆ రైతును ఒక్క చరణంలోనైనా పిలవదు. భరతుడికి చోటుంది, శత్రుఘ్నుడికి చోటుంది, వరహా సంపాదించిన చేతికి లేదు. దేవుణ్ణి నువ్వు తొడుక్కున్నది ఎవరిది అని అడిగినవాడు ఆ ప్రశ్న తన వైపు తిప్పుకోలేదు. కథ ముగింపులో కూడా సొమ్ము దేవుడి దగ్గర్నుంచి సుల్తానుకే చేరింది, పాల్వంచకు తిరిగి రాలేదు.

భద్రాచలం స్థలపురాణంలోనే దీనికి ఒక విరుగుడు ఉంది. గోపన్న కన్నా ముందు అడవిలో విగ్రహాలను కనుక్కున్నది పోకల దమ్మక్క. ఆమె పెట్టిన నైవేద్యం తాటిపండు. వరహాల్లో దాని ధర ఎంతో ఎవరూ రాయలేదు. చెట్టు కింద రాలింది, ఏరుకుంది, తనకున్న దాంట్లోంచి పెట్టింది. ఇక్కడ పోషణ దేవుడి నుంచి మనిషికి రావడం లేదు, మనిషి నుంచి దేవుడికి పోతోంది, అదీ ఆ పూటకు సరిపడా. పన్నెండేళ్ల చెరా, అర్ధరాత్రి దర్శనమూ లేని కథ గనుక దమ్మక్క మీద సినిమా రాలేదు. దర్గా సందులో గురువారం అన్నం పొట్లం చేతిలో పెట్టి, పేరు చెప్పకుండా ఆటో ఎక్కిపోయేవాళ్లు దమ్మక్క వంశం.

ఇద్దరిలో ఎవరు గొప్ప అని అడిగితే, మామూలు బతుకులో దైవాన్ని పట్టుకోవడం అనే ఒక్క కొలత మీద, నేను రామదాసు వైపే మొగ్గుతాను. అతని నమ్మకం గొప్పదని కాదు. నమ్మకంలో అమ్జద్ అతన్ని దాటిపోయాడు. రామదాసు దగ్గర వస్తువులున్నాయి. మొలతాడు ఉంది, తురాయి ఉంది, ఉడుత ఉంది, స్వామి ప్రసన్నంగా ఉండే వేళ ఉంది, వీపు మీద దెబ్బ ఉంది. దయ అనేది వస్తే వీటి మీదికే రావాలి, మరెక్కడా దిగదు. అమ్జద్ రుబాయీలో దయకు దిగే చోటు తక్కువ. అందుకే 'ఖయామతె సుగ్రా'ను పక్కన పెట్టకుండా రుబాయీలను చదవకూడదని నా పట్టు.

ఇదంతా కాగితం మీద తేలే వ్యవహారం కాదు, చెవితో తేల్చుకోవాలి. అబిడ్స్‌లో తిలక్ రోడ్డు మీద తెలంగాణ సారస్వత పరిషత్తు హాలు ఉంది. 1943లో నిజాం రాష్ట్రంలో తెలుగు కోసం పుట్టిన సంస్థ అది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో తెలుగు విశ్వవిద్యాలయం ఆడిటోరియం ఉంది. రెంటిలో ఏదో ఒకచోట ఒక సాయంత్రం ఈ ఇద్దరినీ కలిపి వినిపించవచ్చు. అమ్జద్‌ను ఉర్దూలోనూ సదాశివ తెలుగులోనూ చదవాలి, రామదాసును ఒక్క గొంతు, ఒక్క తంబురాతో పాడాలి. వరస మాత్రం తప్పకూడదు, ముందు వరద కవిత, తర్వాత రుబాయీలు, ఆఖర్న నగల చిట్టా. రుబాయీలను ఆఖర్న పెడితే నాలుగో పాదం చెప్పిన జవాబుకు సభ వాహ్‌వా అని చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోతుంది.